బానెట్ మీద పసుపు

నా చిన్నప్పుడు కారంపూడిలో మా వీధి మొత్తానికీ ఒకటే కారు ఉండేది. అది పక్కింటి మామది. వాళ్ళు ముస్లిములు, మేము హిందువులం. అయినా ఆయన మా అమ్మను చెల్లెమ్మా అనేవాడు కనుక నాకు మామే. పెళ్ళికైనా ఆసుపత్రికైనా ఆ కారే దిక్కు. ఇప్పుడు ఇంటికి రెండేసి కార్లున్నాయి. పక్కింటివాళ్ళు ఎప్పుడు వెళ్ళారో, ఎప్పుడు వచ్చారో తెలియదు. తప్పు పట్టడం లేదు. ఈ మోకాళ్ళతో నేను గుడికి వెళ్ళగలుగుతున్నానంటే అది మా మనవరాలి కారు పుణ్యమే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మిరపకోతల ఎండల్లో, అమ్మకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, తన వల్ల కాదు, నరసరావుపేట తీసుకుపొమ్మంది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. అక్షరాలు, లెక్కలు, దేవుడి పాటలు అన్నీ అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పినవే. ఆ అమ్మ పళ్ళు బిగబట్టి మంచం పట్టె పట్టుకుని ఉంటే నేను దేవుడి గూట్లోని పసుపు కుంకుమలు తెచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాను.

మామ కారు తెచ్చి గుమ్మం ముందు నిలిపి, అమ్మను పట్టుకోవడానికి లోపలికి వెళ్ళాడు. బొట్టు లేకుండా బండి కదిలితే అమ్మకు ఏమవుతుందోనని నా భయం. ముందు సీటు దగ్గర డబ్బాలో నీళ్ళు కనబడ్డాయి. వాటితో బానెట్ మీది దుమ్మంతా కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను. ఖాళీ డబ్బాను ఉన్నచోటే పెట్టేశాను. అవి ఇంజనుకు పోసే నీళ్ళని నాకు తెలియదు.

నాయనమ్మ వెనక అమ్మ పక్కన, నేను ముందు మామ పక్కన కూర్చున్నాం. సగం దారిలో బానెట్ కింది నుంచి ఆవిరి చిమ్మింది. మామ బండి ఆపి డబ్బా ఎత్తాడు. తేలిగ్గా లేచి వచ్చింది. ఆయన డబ్బాను చూశాడు, బానెట్ మీద చారలు కట్టిన పసుపును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను పసుపంటిన చేతులు వెనక్కి దాచుకున్నాను. వెనక సీట్లో అమ్మ మూలుగుతోంది.

"ఏందిరా అబ్బాయ్, ఆగింది?" అంది మా నాయనమ్మ.

"నీళ్ళు పట్టడం మర్చిపొయ్యా పెద్దమ్మా. తప్పు నాదే."

"బండి తోలేవాడివి, ఆ మాత్రం చూసుకోవద్దూ? కోడలిపిల్ల ప్రాణం మీదికి తెస్తివి గదరా" అని నాయనమ్మ తిట్టిపోసింది. ఆయన నీళ్ళ కోసం చేలోకి పరిగెత్తాడు.

మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళు రెండు బిందెలతో వచ్చారు. అవి వాళ్ళు సాయంత్రం దాకా తాగాల్సిన నీళ్ళు. మామ మొహమాటపడుతుంటే వాళ్ళలో ఒకావిడ, "పొయ్యవయ్యా సామీ. ఆడమనిషి నొప్పులు పడతంటే మేం నీళ్ళు దాచుకుంటామా ఏంది" అని కసిరింది. ఇంజను కాస్త చల్లారాక మామ తువ్వాలుతో మూత తిప్పి నీళ్ళు పోశాడు. ఇంకొకావిడ అమ్మ మొహం తుడిచింది. వాళ్ళ పేర్లు అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ రెండు బిందెలకు దణ్ణం పెట్టుకుంటాను.

ఆసుపత్రికి చేరిన గంటకు చెల్లెలు పుట్టింది. అమ్మ దక్కింది.

అమ్మా చెల్లెలూ ఇంటికొచ్చిన రోజు నేను పక్కింటికి వెళ్ళి, ఏడుస్తూ ఉన్నది చెప్పేశాను. మామ కారు తుడుస్తున్నాడు. "నాకప్పుడే తెల్సులేవే" అన్నాడు. "తప్పెవరిదని ఆడ నిలబడి పంచాయితీ పెడితే మీ అమ్మ ఎండలో ఉండేది. ఆ నింద నేను మోస్తే బండి కదిలింది. ఇంకెప్పుడూ ఆ డబ్బా జోలికి పోమాక." అంతే. కారంతా తుడిచాడు గానీ, బానెట్ మీది ఆ పసుపు జోలికి మాత్రం పోలేదు. వానలొచ్చేదాకా అది అలాగే ఉంది.

మొన్న మాచర్ల వెళుతుంటే, ఒకదానికొకటి కాస్త రాసుకున్న రెండు కార్లవాళ్ళు రోడ్డుకు అడ్డంగా నిలబడి, ఒకరినొకరు ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. వెనక బస్సులో పసిబిడ్డ ఏడుస్తోంది. "ముందు ముందు కార్లు వాటంతటవే నడుస్తాయి నానమ్మా, ఈ గొడవలేం ఉండవు" అంది మా మనవరాలు. ఉండకపోతే సంతోషమే. మనిషి తెలివిని తక్కువ చేయను, అదీ దేవుడిచ్చిందే. కానీ ఖాళీ డబ్బానూ తడి బానెట్‌నూ చూసి, ఒక పిల్ల భయాన్ని కూడా చూసి, తప్పు నాదేననడం ఆ బండికి ఎవరు నేర్పుతారో నాకు తెలియలేదు.

నాకు మాత్రం మామ నేర్పాడు. ఇంట్లో పాలు పొంగినా, పెళ్ళిలో వంట మాడినా, "నేనే చూసుకోలేదు, ముందు పని కానివ్వండి" అనేస్తాను. మా కోడలు నవ్వుతుంది, అన్నీ నీ నెత్తినే వేసుకుంటావేంటత్తయ్యా అని. నవ్వనీ. అలా అన్న ప్రతిసారీ ఎక్కడో ఒక తొమ్మిదేళ్ళ పిల్లకు ఊపిరి ఆడినట్టు ఉంటుంది నాకు.