ఆరింటి పాఠం

పొద్దున్న ఆరు కాబోతుందనగా సూర్యకళ కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. అప్పటికే స్నానం అయిపోతుంది, తడిజుట్టుకి తుండుగుడ్డ చుట్టి ఉంటుంది. ఎదురుగా అట్ట చివరలు నలిగిపోయిన పెద్ద రిజిస్టరు. అందులో ఒక పేజీ తెరిచి ఫోనుతో ఫొటో తీస్తుంది. తన నీడ అక్షరాల మీద పడిందేమో చూసుకుంటుంది. పడితే మళ్ళీ తీస్తుంది. సరిగ్గా ఆరింటికి దాన్ని 'ఆరింటి పాఠం' అనే వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. రెండు నిమిషాలు తిరక్కుండా జవాబులు వచ్చి పడతాయి. గుడ్ మార్నింగ్ సార్. థాంక్యూ సార్.

ఆ సార్ అర్జునరావు, సూర్యకళ భర్త. ఆయన పోయి తొమ్మిది నెలలు దాటింది. గ్రూపులో ఉన్న నూట ఎనభై మందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. సూర్యకళ తెలియనివ్వలేదు.

తప్పే. కాదని ఎవరూ అనరు, ఆవిడైనా అనదు. కానీ ఎలా మొదలైందో చెప్పాలి కదా.

అర్జునరావుది ఎలమంచిలి దగ్గర పల్లె. చెరకు పండించుకునే ఇంట్లోంచి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో చేరాడు. చేతి పనిలో ఆయనకి వంక పెట్టేవాళ్ళు లేరు. చిక్కల్లా షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కులో ఇంగ్లీషులో రాయడం దగ్గరే. ఒకసారి ఒక బోల్టు వదులైందని రాయబోయి, ఇంగ్లీషులో ఒక 'ఓ' అక్షరం తగ్గి, బోల్టు పోయిందని రాశాడు. వెనక షిఫ్టు వాళ్ళు ఆ పోయిన బోల్టు కోసం అరగంట నేలంతా గాలించారు. తీరా చూస్తే అది దాని చోటే ఉంది. వారం రోజులపాటు టీ దగ్గర అందరూ "అర్జునా, బోల్టు దొరికిందేటి బావ?" అని అడిగినవాళ్ళే. వాళ్ళతోపాటు ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి మాత్రం అన్నం తినలేదు.

ఆ వారంలోనే రిజిస్టరు మొదలైంది. ఒకదానికొకటి దగ్గరగా కనిపించి మనిషిని బోల్తా కొట్టించే ఇంగ్లీషు మాటల్ని జతలు జతలుగా రాసుకునేవాడు. కింద తెలుగులో వివరం. "పక్కింటి నిచ్చెన మనం తెచ్చుకుంటే బారో. మన నిచ్చెన పక్కింటికి ఇస్తే లెండ్. నిచ్చెన ఒకటే, ఎటు నడిచిందో చూసుకో." ఇలా ఉండేవి ఆయన పాఠాలు. బళ్ళో మాస్టార్లు ఇలా చెప్పి ఉంటే సగం దేశం ఇంగ్లీషు మాట్లాడేసేది.

రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో చిన్న ఇల్లు కట్టుకుని గ్రూపు పెట్టాడు. చేరినవాళ్ళంతా కాంట్రాక్టు పనివాళ్ళు. ఇక్కడ పని అయిపోగానే పారాదీప్‌కో గుజరాత్‌కో దుబాయ్‌కో చెదిరిపోయిన కుర్రాళ్ళు. పొద్దుటి షిఫ్టు మొదలయ్యేది ఆరింటికి కాబట్టి పాఠమూ ఆరింటికే. ఫోన్లు చేయకూడదు, డౌటుంటే గ్రూపులో రాయాలి, అదీ ఆయన పెట్టిన రూలు. పిల్లలు లేని ఇల్లు. ఆ నూట ఎనభై మందీ ఆయన పిల్లలే అయిపోయారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచాడు గానీ ఇంటి సంగతే చూసుకోలేదు. సూర్యకళ ఏడో తరగతి దాకా చదివింది. ఒకరోజు కందిపప్పు చెరుగుతూ, "నాకూ రెండు ముక్కలు సెప్పండి, నానూ నేర్సుకుంతాను" అంది.

"నీకెందుకే? నువ్వు మాటాడితే ఇంగ్లీషు సిగ్గుతో సచ్చిపోద్ది" అన్నాడు నవ్వుతూ.

సూర్యకళ కూడా నవ్వేసింది. చేట మాత్రం కాస్త గట్టిగా కొట్టింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మాఘమాసంలో ఒక ఉదయం ఆరింటికి పాఠం పెట్టి, టీ తాగి, గ్లాసు కింద పెట్టబోతూ ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. పన్నెండు రోజులూ ఇంటి నిండా జనం. చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు ఆయన ఫోను చార్జింగు పెట్టింది. తెరవగానే వరసగా మెసేజీలు. అన్నీ ఒకటే అడుగుతున్నాయి. సార్, పాఠం లేదేంటి? సార్, ఒంట్లో బాగులేదా?

చెప్పేద్దామనే కూర్చుంది. నిజంగానే. 'సార్' అని కొట్టి, ఆ పక్కన రాయాల్సిన మాట దగ్గర వేలు ఆగిపోయింది. రిజిస్టరు పక్కనే ఉంది. నూట నలభై రెండో పేజీలో ఎర్రదారం పెట్టి ఉంది, ఆయన ఆపిన చోట. ఆ పేజీ ఫొటో తీసి పెట్టేసింది. నలభై మంది థాంక్యూ సార్ అన్నారు. ఆ పూట సూర్యకళకి ఆయన షిఫ్టుకెళ్ళినట్టే ఉంది, పోయినట్టు లేదు. అన్నం తినగలిగింది. మర్నాడు ఇంకో పేజీ. అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

పేజీ పెట్టేముందు తాను చదివేది. పాఠం తెలుగులోనే ఉంటుంది కదా. ఒక పేజీలో ఇలా ఉంది: "గేటు పాసు ఎక్స్‌పైర్ అవుతుంది. మందు ఎక్స్‌పైర్ అవుతుంది. మనిషి డై అవుతాడు. మనిషిని గేటు పాసు చేయకండి." ఆ రోజు ఫొటో నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది.

ఇంకో పేజీ ఉంది. అది చదివాక ఇక మానుకోవడం ఆవిడ వల్ల కాలేదు. "హియర్ అంటే చెవిన పడటం. లిజన్ అంటే మనసు పెట్టి వినడం. మా ఇంటావిడ చెప్పింది ముప్ఫయ్యేళ్ళుగా హియర్ చేశాను. లిజన్ చేయలేదు. మీరలా చేయకండి." బతికుండగా ఒక్కసారి ఎదురుగా కూర్చుని ఆ ముక్క అనలేకపోయాడు. నూట ఎనభై మందికి చెప్పడానికి రాసి పెట్టుకున్నాడు. మగవాళ్ళ తీరే అంత. సూర్యకళకి కోపం వచ్చింది, ఆ వెంటనే ఆయన మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. అప్పటి నుంచి రేపటి పేజీ ఈ రోజు చదవకూడదని ఒట్టు పెట్టుకుంది. ఏ రోజు మాట ఆ రోజే వినాలి.

రిజిస్టరులో ఐదు వందల పేజీలున్నాయి గానీ, ఆయన రాసింది నాలుగు వందల పన్నెండు దాకానే. ఆ తర్వాత తెల్లకాగితాలు. అవి దగ్గర పడుతున్నకొద్దీ సూర్యకళ మిగిలిన పేజీలు రోజూ లెక్కపెట్టుకునేది. పేజీ అయిపోతే ఆయన కూడా అయిపోతాడు. అందుకని ఆవకాయ జాడీ అడుగు గీకినట్టు, పేజీని సగం చేసి రెండు రోజులకి సర్దింది. అలా ఇంకా నాలుగు పేజీలు మిగిలి ఉండగా ఉదయ్‌కుమార్ వచ్చాడు.

గేటు చప్పుడైతే వెళ్ళి చూసింది. పాతికేళ్ళుంటాయి, ఎండకి నల్లబడిన మొహం. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం.

"నమస్తే అమ్మగారూ. నాను ఉదయ్‌కుమార్నండి. పారాదీప్‌లో పని సేత్తన్నాను. మాది జాలరిపేట. సార్ ఉన్నారేటండి? వంజరం సేప తెచ్చినాను, మావోలు పొద్దున్నే ఏటకెల్లి తెచ్చింది."

సూర్యకళ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక గోడ మీద దండ వేసిన ఫొటో ఉంది. "నేరు బాబూ. ఎలమంచిలి ఎల్లారు" అంది.

అతను వెళ్ళలేదు. పొట్లం అరుగు మీద పెట్టి, తల దించుకుని అడిగాడు. "సార్‌కి నా మీద కోపమేటండి?"

"కోపమేటి? ఎందుకు కోపం?"

"మూడుసార్లు డౌటు అడిగినానండి. దండం బొమ్మెట్టీసి ఊరుకున్నారు. అంతకుముందు ఒక్క మాట అడిగితే పేజీడు విడమర్సి సెప్పీవోరు. ఉద్యోగానికి లెటరు రాసి, సూడండి సార్ అని పెట్టినాను. దానికీ దండమే. సార్ సూసేసారు కదాని అలాగే పంపీసినాను. ఇంటర్వ్యూలో ఆ లెటరు సదివి నవ్వినారండి." పొట్లాన్ని ఎండ తగలకుండా లోపలికి జరిపాడు. "ఉద్యోగం పోతే పోనాది. నానేటి తప్పు సేసినానో సార్‌ని అడిగి, క్షమించమని ఎల్లిపోదామని వచ్చినాను."

ఆ దండాలు పెట్టింది సూర్యకళ. డౌటు వచ్చినప్పుడల్లా ఏం చెప్పాలో తెలియక పెట్టేది. ఎవరికీ నష్టం లేని అబద్ధమనుకుంది ఇన్నాళ్ళూ. ఆవిడ గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

"లోపలికి రా బాబూ."

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చి ఫొటో చూశాడు.

"ఎప్పుడండీ?"

"మాఘమాసంలో."

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "మరి రోజూ పాఠం..."

"నానే పెడతన్నాను. ఆయన రాసిందే బాబూ, నా మాట ఒక్కటీ కలపనేదు."

ఉదయ్‌కుమార్ ఫొటో ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "మా నాన్న పోయినప్పుడు నాను పారాదీప్‌లో ఉన్నానండి. రైలు అందక ఆకరి సూపు దక్కలేదు. సార్ ఉన్నారు కదాని ధైర్యంగా ఉండీవోణ్ణి. సార్ పోనారని తెలిస్తే ఎలగోలాగ వచ్చీవోణ్ణి కదమ్మా. మేవందరం వచ్చీవోలం. పది నెల్లు మాసేత గుడ్ మార్నింగులు సెప్పించేసారు. మాకు ఏడ్సుకోడానికి కూడా నేకుండా సేసీసారు."

ఆయన పోవడం తన ఒక్కదాని కష్టమే అనుకుంది సూర్యకళ. ఆయనకి ఏడవాల్సినవాళ్ళు ఇంకా నూట ఎనభై మంది ఉన్నారని ఆవిడకి తట్టలేదు.

"ఈయాల ఏడు బాబూ" అంది చివరికి. "ఈయాలైనా ఏడు."

అతను ఏడ్చాడు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. వెళ్ళేటప్పుడు ఫొటోకి మొక్కి, ఆవిడ కాళ్ళకీ మొక్కి వెళ్ళాడు. తిట్టి వెళ్ళినా ఇంత బాధ ఉండేది కాదు ఆవిడకి. వంజరం పొట్లం అరుగు మీదే ఉండిపోయింది.

మర్నాడు ఆరింటికి సూర్యకళ పీట వేసుకుని కూర్చుంది. సగాలు చేయలేదు. మిగిలిన నాలుగు పేజీలూ వరసగా ఫొటోలు తీసి పెట్టింది. ఆఖరి పేజీలో విశేషమేమీ లేదు, ఒక జత మాటలు, రెండు ఉదాహరణలు, మూడోదానికి అంకె వేసి వదిలేశాడు. దాని కింద ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో కొట్టింది.

"అర్జునరావు సార్ ఫిబ్రవరిలో చనిపోయారు. ఇన్నాళ్ళూ పాఠం పెట్టింది నేను, ఆయన భార్య సూర్యకళని. మీకు చెప్పకపోవడం నా తప్పు. సార్ రాసింది ఇంతటితో అయిపోయింది."

పంపించి, ఫోను ఒళ్ళో పెట్టుకుంది. బయట రాత్రి షిఫ్టు దిగినవాళ్ళ బస్సు వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఆరుంపావు అయింది. తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలెట్టాయి. అమ్మా, నిజమేనా? ఒకడు వాయిస్ మెసేజీలో ఉత్త ఏడుపే పంపాడు. ఇంకొకడు దుబాయ్ నుంచి తన గదిలో దీపం పెట్టి ఫొటో తీసి పెట్టాడు. ఆరున్నర దాకా సూర్యకళ అన్నీ పైనుంచి కిందికి చూసింది, మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. గుడ్ మార్నింగ్ సార్ అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆవిడ రిజిస్టరు మూసి, దాని మీద తల ఆన్చి, ఆయన పోయాక మొదటిసారి బావురుమని ఏడ్చింది.