బిడ్డను గుండెకు కట్టి మాట్లాడే సిస్టర్

బుధవారం. పొద్దుటి నుంచి ముసురు. కొట్టు మీది రేకు కారుతుంటే తారు పట్టీ అంటించాను. నిచ్చెన దిగుతుండగా కబురు వచ్చింది, మా సిస్టర్ పోయిందని. చర్ల చుట్టుపక్కల ఊళ్లలో బాలింతల్ని, పసిపిల్లల్ని చూసిన నర్సు. మీలో చాలామందికి ఆమె తెలియదు. అందుకే రాస్తున్నాను.

మా పెద్దది నెలలు నిండకముందే పుట్టింది. భద్రాచలం దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక సిస్టర్ వచ్చింది. చాయ్ ఇస్తే, బిడ్డ ఎన్ని పాలు తాగిందో చెప్పేదాకా ముట్టేది కాదు. నా చొక్కా గుండీలు విప్పించి, బిడ్డను నా గుండెకు ఆనించి గుడ్డ చుట్టింది.

"వెచ్చగుంటది. లేవకు."

అది ఆమె పద్ధతి. మగవాడు లేచి వెళ్లలేకుండా చేశాకే అసలు మాట ఎత్తేది.

"ఈ పిల్ల మీద నాకు ఆశ లేదు సిస్టరమ్మా. జల్దీ ఇంకోటి కావాలె" అంది మా అమ్మ.

"కనేది నువ్వా, కోడలా?"

నా భార్య మెల్లగా అడిగింది, "పాలున్నన్ని రోజులు కడుపు రాదు గద?"

"పిల్ల రొమ్ము పడ్తలేదు. పాలు పిండి చెంచాతోని పోస్తున్నవ్. గట్ల నమ్ముకుంటే మోసపోతవ్. ఒళ్లు కోలుకోకముందే మళ్ల కడుపు నిలిస్తే, అదీ తొందరపడి పుట్టొచ్చు. రెండేండ్లన్నా ఆగాలె."

మాత్రలు, సూది, కాపర్-టి, ఒక్కోదాని మంచీ చెడూ చెప్పింది. ఇదే వాడమని మాత్రం అనలేదు. నా భార్య నావైపు చూసింది.

"ఆయన దిక్కు చూడకు. పాపం, కదల్లేడు."

అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే నా భార్య, "కాపర్-టి" అంది. అత్త ముందు ఆమె తన మాట చెప్పడం నేను వినడం అదే మొదలు.

పెద్దది బడికి పోయే వయసులో చిన్నది పుట్టింది, నెలలు నిండి.

"ఏందక్కా, ఇప్పుడన్న ఆశ ఉన్నదా?" అని సిస్టర్ అమ్మను అడిగింది.

"దీని ఏడుపు వింటే నా చెవుల మీదనే లేదు."

ఈరోజు మధ్యాహ్నం సిస్టర్‌ను సాగనంపడానికి సమాధుల తోటకు వెళ్లాం. ఎక్కడెక్కడి నుంచో తల్లులు వచ్చారు. వాళ్ల చేతులు ఖాళీగా ఉన్నాయి. చిన్నపిల్లల్ని అక్కలూ అన్నలే ఎత్తుకున్నారు, ఎత్తుకోగలిగినంత పెద్దవాళ్లు. మా పెద్దది చెల్లెల్ని చంకనేసుకుంది. అది జారుతోంది, ఇది పైకి ఎగదోస్తోంది, ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోతున్నారు. ఎవరూ కసరలేదు.

ఇంటికి వచ్చి కొట్టు తెరిచి, తడిసిన ఉప్పు బస్తాను పొడి చోటికి జరిపాను.