కృత్తివెన్ను ఐసు ఫ్యాక్టరీలో చీమలు

మొన్న బందరులో మా తమ్ముడి కూతురు కొత్త కంప్యూటర్ కొనుక్కుని, అత్తయ్య ఒకప్పుడు ఈ పనే చేసేది కదా అని ముచ్చటపడి నా చేతే స్విచ్ వేయించింది. తెర వెలిగింది, బొమ్మలు వచ్చాయి, అంతా సవ్యంగానే ఉంది, నేను మాత్రం వేలు తీయకుండా చెవి పెట్టి నిలబడ్డాను. ఏమిటత్తయ్యా వింటున్నావంటే, అది కుయ్‌మనలేదేమిటే అన్నాను. పిల్ల నవ్వింది. దాని తప్పేమీ లేదు, పెట్టె మోగితే బెంగపడ్డ కాలం దానికి తెలియదు.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు ఒక చిన్న కూత వచ్చేది. ఒక్కటే వస్తే క్షేమం. అంతకుమించి కూసిందంటే లోపల ఏదో బాగాలేదన్నమాట, పొడుగు కూతలైతే ఒక జబ్బు, పొట్టివైతే ఇంకొకటి, ఎన్ని కూసిందో లెక్కపెట్టుకుని జబ్బేమిటో పోల్చుకోవాలి. గుడివాడలో నేను పనిచేసిన దుకాణం గోడకి ఆ కూతల పట్టిక ఒకటి అంటించి ఉండేది. దాన్ని నేను ఎక్కాలు బట్టీపట్టినట్టు బట్టీపట్టాను. కానీ నా పని టైపు చేయడం. పెళ్ళి కార్డులు, కాలేజీ ప్రాజెక్టులు, దరఖాస్తులు పొద్దస్తమానం కొట్టేదాన్ని. రిపేర్లకి వెళ్ళేది మా యజమాని ఒక్కరే. ఆయన నాకు చుట్టం కాకపోయినా ఊరందరితోపాటు నేనూ మావయ్యగారనే పిలిచేదాన్ని. నన్నూ రిపేర్లకి పంపండని ఏడాదిపాటు ఆయన ప్రాణం తీశాను. ఆడపిల్లవి, ఊళ్ళు తిరగడం నీవల్ల కాదమ్మా అని దాటేసేవారు.

దసరా వెళ్ళిన మూడోరోజున ఆయనకి జ్వరం తగిలింది. అదేరోజు కృత్తివెన్ను దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీ నుంచి, కంప్యూటర్ ఆగకుండా కూస్తోందని ఫోన్. వేరే దారి లేక నన్ను పిలిచి, ఇది బాగుచేసుకొస్తే ఇకమీదట నువ్వూ వెళ్దువుగాని, లేదంటే మళ్ళీ నా దగ్గర ఈ మాట ఎత్తకూడదు అన్నారు. ఆ మాట పట్టుకుని, సంచీలో స్క్రూడ్రైవరు, బ్రష్షు, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ఒకటి వేసుకుని, బంటుమిల్లిలో బస్సు మారి వెళ్ళాను. రబ్బరు ఎందుకంటారా, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి పెట్టె లోపలుండే మెమొరీ కార్డు అంచున ఉన్న బంగారు రంగు రేకులు చిలుము పట్టేవి, వాటిని పలక తుడిచినంత తేలిగ్గా రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగిస్తే పెట్టె నోరు మూసుకునేది. తీరంలో పదింట ఎనిమిది జబ్బులు అవేనని మావయ్యగారు అనేవారు.

ఫ్యాక్టరీ గుమాస్తాగారు నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని రోడ్డు వైపు చూశారు. ఎవరూ రావడం లేదని తెలిశాక కుర్చీ వేశారు. స్విచ్ వేశాను. తెర నల్లగా ఉంది, పెట్టె కూస్తోంది, కానీ పక్కగదిలో ఐసు మిషను హోరుకి అది పొట్టి కూతో పొడుగు కూతో, ఎన్ని కూస్తోందో ఒక్కటీ తేలలేదు. ఉప్పుగాలేలెమ్మని కార్డు తీసి తుడిచాను. లాభం లేదు. మళ్ళీ తుడిచాను. మూడోసారి తుడిచేటప్పటికి కిటికీ అవతల అరుగు మీద రొయ్యల తలలు తీస్తున్న ఆడవాళ్ళంతా పని ఆపి నన్నే చూస్తున్నారు. బోర్డు పోయిందండీ అని చెప్పేసి బస్సెక్కేద్దామనుకున్నాను. నిజంగా పోయిందో లేదో నాకు తెలియదు, అయినా ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

అప్పుడు ఆ ఆడవాళ్ళలో ఒకావిడ, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి, "ఓ అమ్మాయ్, చీమలు పెద్దపెట్టెలోకి పోట్లేదు, ఆ మీటల పెట్టెలోకి పోతన్నాయి చూడు. పండగనాడు కొబ్బరినీళ్ళు దాని నెత్తినే పోశారుగా" అంది.

చూద్దును కదా, గోడ మీంచి బల్ల మీదికి చీమలబారు, అక్కణ్ణుంచి తిన్నగా కీబోర్డులోకి. ఆయుధపూజనాడు కాటాకీ, మోటార్లకీ, లారీకీ చేసినట్టే కంప్యూటర్‌కీ పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు భక్తిగా మీటల మీద చల్లారట. కీబోర్డు తీగ పీకి స్విచ్ వేశాను. ఆగకుండా కూసేది ఒక్కటే కూత కూసి ఊరుకుంది, తెర వెలిగింది. కీబోర్డు విప్పి, తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి తగిలించేసరికి మధ్యాహ్నమైంది. గుమాస్తాగారు చేపల పులుసుతో భోజనం పెట్టించారు.

ఆ సాయంత్రం మావయ్యగారు మంచంలోనే లేచి కూర్చుని, ఎలా పట్టావమ్మా అని అడిగారు. చీమల్ని చూశానండీ అన్నాను. ఎవరు చూపించారో చెప్పలేదు. మర్నాడే నాగాయలంకలో రిపేరు చీటీ నా చేతిలో పెట్టారు. అలా పద్దెనిమిదేళ్ళు దివిసీమంతా, కైకలూరు దాకా తిరిగాను, ఇల్లు గడిపాను, తమ్ముణ్ణి చదివించాను. చెప్పకపోవడం తప్పేనని అప్పుడే తెలుసు, చెబితే మళ్ళీ టైపు బల్ల దగ్గరే కూర్చోబెడతారేమోనని భయం. ఆవిడ పేరైనా అడగలేదు. మళ్ళీ ఆ ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పటికి ఆవిడ అక్కడ లేదు.

ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళినా మూత విప్పేముందు, ఊడ్చే మనిషినీ, టీ తెచ్చే మనిషినీ, ఆ గదిలో మసిలే వాళ్ళందరినీ ఈ మధ్య ఏం జరిగిందని అడిగేదాన్ని. సగం జబ్బులు వాళ్ళే చెప్పేవారు, నేను వాళ్ళ పేర్లు కూడా చెప్పి మావయ్యగారికి అప్పజెప్పేదాన్ని. ఇప్పటి పిల్లలు నాకంటే గట్టివాళ్ళు, ఏ తేడా వచ్చినా ఫోన్‌ని అడిగి తామే సరిచేసుకుంటారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. కాకపోతే ఫోన్‌కి అన్నీ తెలుసుగాని, పండగనాడు ఆ గదిలో అది లేదు.