మట్టి ముట్టుకోవద్దన్నారు

మంగళగిరిలో ఎవరింట్లో మనీ ప్లాంట్ ఆకులు పసుపు తిరిగినా, ఏ ఆఫీసులో ఆంథూరియం మచ్చలు పడినా, కుండీ ఎత్తుకుని నజ్మీన్ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె తండ్రి వినుకొండ వైపు మిరప రైతు. చిన్నప్పుడు ఆయన వెనకే చేల్లో తిరిగి బూడిద తెగులు ఏదో, వేరుకుళ్ళు ఏదో చూడగానే పోల్చుకోవడం నేర్చుకుంది. ఇంట్లో పెరిగే మొక్కలకీ అవే జబ్బులు. తడి ఎక్కువై గాలి తక్కువైతే చాలు, వచ్చి కూర్చుంటాయి.

ఆమె వైద్యంలో హడావిడి ఉండదు. మచ్చపడ్డ ఆకుల్ని మొదలుకంటా కత్తిరించేది. ఒక్కో కోతకీ కత్తెరని స్పిరిట్‌తో తుడిచేది. కుళ్ళిన వేళ్ళు తీసేసి కొత్త మట్టిలోకి మార్చేది. మందు కొట్టక తప్పదనుకుంటే కుండీని ఆరుబయటికి తీసుకెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని కొట్టేది. నాలుగు గోడల మధ్య మందు కొట్టనిచ్చేది కాదు.

ఆమె భర్త సిలార్ ట్రాలీ ఆటో నడిపేవాడు. పల్లెల నుంచి మిరప బస్తాలు గుంటూరు యార్డుకి చేర్చేవాడు. ముప్ఫై ఎనిమిదో ఏట అతని కిడ్నీలు రెండూ చెడిపోయాయి. ఏడాదిన్నర డయాలసిస్ అయ్యాక తల్లి మస్తాన్‌బీ తన కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేముందు నర్సు నజ్మీన్‌ని పక్కకి పిలిచి చెప్పింది.

"కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా మందులిస్తున్నామమ్మా. వాటివల్ల జబ్బుల్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మట్టి, ఎరువు, బూజు, పావురాల రెట్ట, వీటి జోలికి పోనివ్వకండి. మట్టి అసలు ముట్టుకోవద్దు."

నజ్మీన్ ఆ రోజే ఇంట్లో ఉన్న కుండీలన్నీ పెరట్లో పందిరి కిందికి చేర్చేసింది. లోపల ఒక్క ఆకు కూడా ఉంచలేదు. మట్టి పని చేశాక స్నానం చేసి, బట్టలు మార్చుకునిగాని అతని గదిలోకి వెళ్ళేది కాదు. అలా అయిదు నెలలు గడిచాయి. సిలార్ కాస్త ఒళ్ళు చేశాడు. పని లేకపోవడమే అతనికి కష్టంగా ఉండేది.

కార్తీకంలో తుఫాను పట్టి నాలుగు రోజులు వాన వదల్లేదు. పందిరి కింద సగం మొక్కలకి మచ్చ తగిలింది. గోనెల్లో ఉన్న కొబ్బరి పొట్టు నాని, పైన బూడిద రంగు బూజు కట్టింది. దాన్ని పారేయాలనుకుంది నజ్మీన్. ఇంతలో ఒక ఆఫీసువాళ్ళు వాళ్ళ మొక్కలన్నీ వాలిపోతున్నాయని ఫోన్ చేస్తే, అవి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెరట్లో ఇరవై కుండీలు కొత్తగా నింపి వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన సిలార్ నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా మట్టి ఉంది. ముఖానికి మాస్కు లేదు. గోనెల్లోని బూజు పొట్టు పొడి మీసాల మీద కూడా పడింది.

"ఏం చేశావయ్యా నువ్వు?" అంటూ నజ్మీన్ గబగబా కుళాయి తిప్పింది.

"ఒక్కదానివే చస్తున్నావు గదా నజ్మీ. కూర్చుని తింటుంటే నాకు సిగ్గేస్తంది."

"అత్తమ్మ చూడలేదా?"

"అమ్మ పడుకుంది. ఒక్కణ్ణే చేశాలే. ఆమెకి చెప్పబాకు, కంగారుపడుద్ది."

నజ్మీన్ ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకి దగ్గు మొదలైంది. తర్వాత జ్వరం. గుంటూరు ఆసుపత్రిలో స్కాన్ తీసి, ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందన్నారు. పంతొమ్మిది రోజులు ఐసీయూలో ఉంచారు. చివరి వారం అతను కళ్ళు తెరవలేదు. ఇరవయ్యో రోజు పొద్దున శవాన్ని అప్పగించారు.

అంతకుముందే ఒకరోజు నజ్మీన్ డాక్టర్ని అడిగింది.

"ఆకులకొచ్చే తెగులు మనిషికి అంటుకుంటుందా డాక్టర్ గారూ?"

"అది వేరమ్మా. ఇది కుళ్ళిన మట్టిలో, చెత్తలో, తడిసిన గోడల్లో ఉంటుంది. గాల్లోనూ ఉంటుంది. మనమందరం రోజూ పీల్చేదే. ఆయన తట్టుకోలేకపోయారు."

"మా ఇంట్లోనే వచ్చిందంటారా?"

"అది ఎవరూ చెప్పలేరు" అన్నాడు డాక్టరు.

మస్తాన్‌బీకి మాత్రం అనుమానమే లేదు. పరామర్శకి వచ్చినవాళ్ళందరి ముందూ నడుం పక్క కోత చూపించి ఏడ్చేది.

"నేను కోసిచ్చిన కిడ్నీ మట్టిలో కలిసిపోయింది. దీని మొక్కలే తిన్నాయమ్మా నా బిడ్డని. ఇంటినిండా తెగుళ్ళు పోగేసింది."

నజ్మీన్ తల దించుకుని వినేది. అతనే చేతులారా చేసుకున్నాడని ఒక్క మాట అంటే చాలు. కానీ పోయినవాడి మీద ఆ తప్పు వెయ్యడానికి నోరు రాలేదు. నలభయ్యో రోజు ఫాతెహా చదివించాక కూడా ఆ మాటలు ఆగలేదు. బంధువులు ఆమె చేతి టీ తాగడం మానేశారు.

బతకాలి గనక మళ్ళీ కత్తెర పట్టుకుంది. ఒక సాయంత్రం రెబ్కా అనే టీచరమ్మ మచ్చలు పడ్డ అగ్లోనిమా కుండీ తెచ్చింది. నజ్మీన్ మెట్టు మీదే కూర్చుని, చెడిన ఆకులు కత్తిరించి కవర్లో మూటగట్టింది.

"ఆకుల మీద నీళ్ళు చల్లకండి మేడం. పొద్దుటిపూట మొదట్లో పొయ్యండి, అదీ పైమట్టి ఆరాకే. కుండీలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టండి." కత్తెర తుడుస్తూ అడిగింది. "ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బుందా?"

"మా నాన్నగారికి క్యాన్సర్ అండి. మందులెక్కిస్తున్నారు. ఆయన మంచం పక్కనే ఉంటుంది ఇది, చూసుకుంటా ఉంటారని."

నజ్మీన్ కుండీని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"వద్దు మేడం. ఇది లోపలికి తీసుకెళ్ళొద్దు. ఒక్కటి కూడా ఉంచొద్దు. మీ డాక్టర్ని అడగండి. మా ఆయన..."

రెబ్కా కుండీ వదిలేసి వెళ్ళిపోయింది. గుమ్మంలో మస్తాన్‌బీ నిలబడి ఉంది. వచ్చి మెట్టు మీద నజ్మీన్ పక్కన కూర్చుంది.

"గోనె నోరు నేనే పట్టుకున్నానే" అంది.

నజ్మీన్‌కి అర్థం కాలేదు.

"ఆ రోజు. వాడు పొట్టు తోడుతుంటే నేనే పట్టుకున్నా. వద్దురా అన్నా. కాసేపేలే అమ్మా అన్నాడు. శానాళ్ళకి నవ్వతా కనపడ్డాడని ఊరుకున్నా. నువ్వొచ్చే అలికిడి విని నన్ను లోపలికి పొమ్మన్నాడు."

నజ్మీన్ చేతిలో కుండీ కింద పెట్టింది. జాలి వస్తుందేమో అనుకుంది, రాలేదు. రెండున్నర నెలలుగా ఊరందరి ముందూ తనని హంతకురాలిని చేసిన మనిషి, అన్నీ తెలిసే చేసింది. లేచి లోపలికి వెళ్ళి, రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. వండి పెట్టింది, అంతే.

మస్తాన్‌బీ ఆ తర్వాత ఎవరి ముందూ కోత చూపించలేదు. కానీ అన్న మాటల్ని వెనక్కి తీసుకోనూ లేదు. వీధిలో వాళ్ళు ఇప్పటికీ అదే చెప్పుకుంటారు.

ఒక్క కిడ్నీతో ఉన్న మనిషి ఆమె. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించాలని రాసిచ్చారు. ఆ తేదీ వచ్చిన రోజు నజ్మీన్ ఆమె చీర మడతపెట్టి మంచం మీద పెట్టింది. ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు. అదే ఆసుపత్రి, అదే హాలు. పేరు పిలిచేదాకా ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. దారిలో గానీ అక్కడ గానీ ఇద్దరూ సిలార్ పేరు ఎత్తలేదు.