కంచె దగ్గర వాసన చూడటానికి వెళ్ళిన శనివారం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి: నా డైరీలో సగం పేజీలు వాసనలే. వాన వెలిశాక బస్టాప్ బెంచీ, లైబ్రరీలో కింది అరలో పుస్తకాలు, కొత్త గొడుగు. చెబితే నవ్వుతారని దాచుకున్నాను. మే నెలాఖరులో ఒక శనివారం నన్ను రైలెక్కించింది ఆ అలవాటే.

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటూ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. గడ్డి, ఆకులు కంపోస్ట్ చేసే ఒక యార్డు చూడటానికి రావచ్చా అని అక్కడి మేనేజర్ బెత్‌కి ఈమెయిల్ పెట్టాను. "శనివారమే రా, నాకు కొత్త ముక్కు కావాలి" అని జవాబు. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసేవాళ్ళకి ఆ వాసన తెలియడం మానేసిందట. కంచె పక్కింట్లో ఆరోజు రెండింటికి అమ్మాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీ. పెరట్లో టెంటు, వందమంది అతిథులు. వాసన రానివ్వనని బెత్ వాళ్ళకి మాటిచ్చింది. నాకు పెట్టిన షరతులు: సెంటు వద్దు, కాఫీ వద్దు, యార్డులోకి రాకముందే కంచె బయట నడవాలి.

ఉదయం ఆరింటి ట్రైన్‌కి రూమ్మేట్ ఝాన్సీ నైట్ డ్రెస్‌లోనే డ్రాప్ చేసింది. "శనివారం పొద్దుగాల చెత్తకుప్ప చూడనీకి పోతున్నవా? నీ అసుంటి పిల్లను నేనింకా చూడలే!" అంది. టికెట్ వారం ముందు బుక్ చేసుకుంటే చవక. ఎడమవైపు కిటికీ దొరికింది. పక్కన స్వెట్టర్ అల్లుకుంటున్న పెద్దావిడ ఎక్కడికని అడిగింది. చెప్పాను. "మా ఆయన పెరట్లో కంపోస్ట్ డబ్బా పెట్టాడు. మూత తీసిన రోజు, డబ్బానో నేనో తేల్చుకోమన్నాను" అంది.

ఎనిమిదిన్నరకి దిగాను. ఊరి పేరు రాయను, ఫిర్యాదుల వ్యవహారం కదా. బెత్ పికప్ ట్రక్‌తో వచ్చింది. దారిలో పాఠం మొదలుపెట్టింది. శరత్కాలంలో రాలిన ఆకుల్ని దాచి, వసంతంలో వచ్చే పచ్చిగడ్డితో కలుపుతారు. ఉత్త గడ్డి అయితే అణిగిపోయి, గాలాడక కంపు కొడుతుంది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతారు, ఎగిరొచ్చిన ప్లాస్టిక్ సంచులు రోజూ ఏరుతారు, జెండా చూసి గాలి ఇళ్ళవైపు లేనప్పుడే కుప్పలు తిరగేస్తారు.

పదింటికి నోట్‌బుక్ పట్టుకుని కంచె వెంట బయల్దేరాను. చాలాసేపు చెక్కపేళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. తూర్పు మూలకి వచ్చేసరికి ఆగిపోయాను. అలవాటుగా తెలుగులోనే రాశాను: "బాగా పులిసిన దోసెల పిండి. వెనకాల కొంచెం కుళ్ళిన కోడిగుడ్డు."

"తెలుగమ్మాయివా?" అని వెనకనుంచి గొంతు. చేతిలో బెలూన్లతో ఒకావిడ నా భుజం మీదుగా చదివేస్తోంది. పార్టీ ఇంటావిడ, సుజాత ఆంటీ. "అమ్మయ్య! నీ ముక్కుకే లేనిపోని వాసనలని మా ఆయన నన్ను ఒకటే ఏడిపిస్తాడు. వెళ్ళి చెప్పు తల్లీ. మధ్యాహ్నానికి ఇలాగే ఉంటే పిల్ల మొహం చూడలేను."

క్లాసులో చెయ్యెత్తడానికే భయపడే మనిషిని నేను. అయినా యార్డులోకి వెళ్ళాను. బెత్ చేతిలో కాగితం ఉంది, వాసనకి సున్నా నుంచి ఐదు వరకు అంకె వెయ్యాలి. "సున్నాయే కదా?" అంది ఆశగా.

"మూడు" అన్నాను. తర్వాత నోట్‌బుక్‌లో వాక్యం ఇంగ్లీషులో చెప్పి, పిండి ఎలా పులుస్తుందో కూడా వివరించాను.

బెత్ వెంటనే కుప్పలు తిరగేసే లోడర్ బండి నడిపే హెక్టర్‌ని పిలిచింది. అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "పార్టీవాళ్ళకి బండి వెనక్కెళ్ళే బీప్ బీప్ వినపడకూడదని తొందరగా ఆపేశాను. ఇవాళ సంచుల్లో మగ్గిపోయి వచ్చిన గడ్డిలో ఆకులు కలపలేదు." చప్పుడు తగ్గిద్దామని వాసన తెచ్చిపెట్టాడన్నమాట.

ఇప్పుడు కలిపితే కంపంతా ఒక్కసారిగా లేస్తుంది. అందుకని గడ్డికుప్ప మీద బాగా మాగిన పాత కంపోస్ట్ అడుగు మందాన దుప్పటిలా కప్పారు. ఆ పొర వాసనని పట్టి ఉంచుతుందట. పక్కన నిలిచిన నీళ్ళలో చెక్కపేళ్ళు పోశారు. పన్నెండున్నర దాకా బీప్ బీప్ ఆగలేదు.

"ఏంటమ్మా ఈ గోల!" అని ఆంటీ కంచె దగ్గరకొచ్చింది.

"వాసన కావాలా, చప్పుడు కావాలా, ఒకటే ఎంచుకోండి ఆంటీ" అన్నాను. అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం. ఆంటీ పకపకా నవ్వింది.

నా ముక్కు కూడా అలిసిపోయింది. రోడ్డు మీద గాలికి ఎదురుగా ఇరవై నిమిషాలు నడిచి, ఒంటిగంటకి మళ్ళీ తూర్పు మూలకి వచ్చాను. ఊపిరి పీల్చాను. ఇంకోసారి పీల్చాను. కాగితం మీద "ఒకటి" అని వేసి, పక్కన "తడిమట్టి" అని రాశాను. బెత్ నన్ను గట్టిగా వాటేసుకుంది.

పార్టీకి మా ముగ్గుర్నీ పిలిచారు. హెక్టర్ మూడుసార్లు బిర్యానీ పెట్టించుకున్నాడు. అంకుల్ గాలి పీల్చి, "ఏ వాసనా లేదుగా!" అన్నారు. "ఇవాళ లేదు కాబట్టే, రోజూ ఉండేదని తెలుసుకోండి" అంది ఆంటీ. పార్టీ అమ్మాయి అనన్య నా ప్లేట్‌లో పెద్ద కేకు ముక్క పెట్టింది. "థాంక్స్ అక్కా. ఫ్రెండ్స్ అందరూ వస్తారు అని నాకు చాలా భయం అయింది."

మీరెవరైనా ఇలాంటి యార్డుకి వెళ్తే కడుక్కోడానికి వీలైన బూట్లు వేసుకోండి, గడ్డి ఏ రోజు వస్తుందో అడిగి వెళ్ళండి. సాయంత్రం ఆంటీయే నన్ను స్టేషన్‌కి తీసుకొచ్చింది. రైల్లో కూర్చుని ఇదంతా రాస్తున్నాను, ఒళ్ళో బిర్యానీ డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. కంపు కట్టడి గురించి పుస్తకాల్లో చాలా చదివాను. పక్కింట్లో ఎవరు ఎప్పుడు భోజనానికి కూర్చుంటారో కూడా అందులో భాగమని ఇవాళే తెలిసింది. ఇంత మాట్లాడిన రోజు ఈ దేశానికి వచ్చాక ఇంకోటి లేదు.

ఎక్కేముందు ఆంటీ నా భుజం తట్టి అంది: "ఆ కుప్ప సోమవారం కలుపుతారటగా? గాలి ఎటుందో చూసి నాకొక ఫోన్ చెయ్యమను బెత్‌ని. ఈసారి తిట్టనులే, ఆరేసిన బట్టలు లోపల పెట్టుకుంటాను."