మెయిన్ బంద్ చేసిన మధ్యాహ్నం

కంటైనర్ సాఫ్ట్‌వేర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామానూ ఒకే డబ్బాలో సర్దిపెడితే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా నడుస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చున్న మా మేనేజర్‌కు దాన్ని ఎక్కించడం టీ తాగినంత పని. మణుగూరులో, ఫోన్ డాబా మీద పెడితే తప్ప నెట్ రాని కిరాయి ఇంట్లో, అది వారం నుంచి నా ప్రాణం తీస్తోంది.

ఆ రోజు సాయంత్రంలోగా అది నడవకపోతే ఇంటి నుంచి పని కుదరదని, సోమవారం నుంచి హైదరాబాద్ ఆఫీసుకే రావాలని మేనేజర్ తేల్చేశాడు. బండి మీద నుంచి పడి తుంటి విరిగిన మా ఆయన వానాకాలం నుంచి మంచం దిగలేదు. నీళ్లు కావాలన్నా, పక్కకు ఒత్తిగిలాలన్నా నేనే. నేను వెళ్తే ఆయన్ని చూసే దిక్కెవరు?

ఆ మధ్యాహ్నానికి పని దారిలో పడింది. ఆ డబ్బా నడవడానికి విండోస్ తనకు కావలసినవి దింపుకుని, కంప్యూటర్ ఆఫ్ చేయవద్దని తెర మీద రాసి, సగం దాటింది. మేనేజర్‌కు ఆ మాట చెబుదామని డాబా ఎక్కాను.

అప్పుడే ఊరి పక్క బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. ఒకసారి ఆ అదురుకు సర్వీసు వైరు వదులై టీవీ కాలిపోయింది. అప్పటి నుంచి సైరన్ వినగానే మెయిన్ స్విచ్ ఆపడం మా ఇంటి ఆచారం. ఆ రోజు మాత్రం ఆపేది లేదనుకున్నాను. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

కిందికి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మా ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని, చెమటలు కక్కుతూ, మెయిన్ పక్కన నిలబడి ఉన్నాడు. ఇన్ని నెలల తర్వాత తనంతట తాను నిలబడ్డాడు.

“సైరన్ కొట్టింది. నువ్వు పైన ఉన్నవని నేనే లేసిన. నీ కంప్యూటర్ కాలిపోతే ఎట్ల?” అన్నాడు. ముఖం చిన్నపిల్లాడిలా ఉంది.

“మంచిగ చేసినవ్. జల్దీ కూసో, పడతవ్” అన్నాను. ఇంకో మాట మాట్లాడితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

మెయిన్ వేశాక విండోస్ లేవలేదు. నీలం తెర వచ్చేది, ఆరిపోయేది, మళ్లీ అదే తెర. బాగుచేసేవాడు కొత్తగూడెంలో ఉన్నాడు. పొద్దుగూకేసరికి సోమవారం రమ్మని మేనేజర్ మెసేజ్ పెట్టాడు.

“ఎందుకంట?” అన్నాడు మా ఆయన.

“నా పని నచ్చిందంట. ఆఫీసుల ఉండి చెయ్యమంటున్రు.” అబద్ధం అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

ఆయన మంచం అంచుకు జరిగి కూర్చున్నాడు. “పో మరి. ఇయ్యాల లేసి నిలబడ్డ గద. నా గురించి ఫికర్ చెయ్యకు” అన్నాడు. అంటూనే, కాలు మంచం మీదికి ఎత్తుకోలేక నా వైపు చూశాడు.

ఆయన మీద ఒళ్లు మండిపోయింది. అయినా ఆ కాలు ఎత్తి మంచం మీద పెట్టాను.