దేవనహళ్ళి హేచరీలో నాలుగు రోజుల గుండె

ఐదో నెల స్కానింగులో బిడ్డ గుండె గదుల మధ్య గోడకి చిన్న రంధ్రం ఉందన్నారు. చాలామందికి దానంతటదే పూడుతుందని డాక్టరు చెప్పినా, నా బుర్రకెక్కింది మాత్రం అత్తయ్య ఫోన్‌లో అన్న మాట: "నాలుగో నెల్లో బైకెక్కి నంది కొండలంటూ తిరిగితే మరేమవుతుంది?" నేనూ నమ్మేశాను. మూడు వారాలు అన్నం సయించలేదు. నా వాలకం చూడలేక ఆఫీసు స్నేహితురాలు మంజుల గుడ్డులో గుండె ఎలా తయారవుతుందో చూసి రమ్మని వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళమంది. ఆయన, మునిరత్నంగారు, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, దేవనహళ్ళి పక్కన నాటుకోడి గుడ్లు పొదిగిస్తున్నారు.

శనివారం పొద్దున ఏడింటికి మా కాడుగోడిలో క్యాబ్ ఎక్కాను. బూదిగెరె మీదుగా గంటంబావు, తొమ్మిది వందలు. ప్రతి గుంతకీ పొట్ట పట్టుకుని, నెమ్మదిగా పొమ్మని డ్రైవరు ప్రాణం తీశాను. "ఇంకా నిదానంగా పోతే నడిచినట్టే మేడమ్," అన్నాడు.

మునిరత్నంగారు కాళ్ళు కడిగించి చీకటి గదిలోకి తీసుకెళ్ళి, నాలుగు రోజుల గుడ్డుకి టార్చి ఆనించారు. ఎర్రటి నరాల మధ్య ఆవగింజంత చుక్క. కొట్టుకుంటోంది! కొయ్యబారిపోయాను. ఇంకా ముక్కు లేదు, రెక్క లేదు, గుండె మాత్రం పనిలోకి దిగిపోయింది.

మొదట ఉత్త గొట్టమేనట. అది మడతపడి, లోపల గోడలు లేస్తాయట. చేప గుండెకి రెండు గదులు, కప్పకి మూడు, బల్లికి నడిమి గోడ సగమే. కోడికీ మనకీ నాలుగని చెప్పారు. అప్పుడు బైకు సంగతి బయటపెట్టాను.

"నాలుగో నెల్లోనా? గోడ కట్టే పని మూడో నెల నిండకముందే అయిపోయుంటాదమ్మా. నువ్వు బండెక్కేటప్పటికే ఆ సందు ఉండాది. నీ బండి చేసింది కాదు."

అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను.

తిరుగుదారిలో లెక్కేసుకుంటే మళ్ళీ దిమ్మతిరిగింది. నేను గర్భ పరీక్ష కిట్ కొన్న రోజుకే బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అది మొదలైన క్షణంలో నేనేదో మీటింగులో ఆవలిస్తూ ఉండి ఉంటాను. నన్నడగకుండా, నాకు చెప్పకుండా మొదలైన పనికి ఇన్నాళ్ళూ నేరం నెత్తినేసుకున్నాను. రంధ్రం ఇంకా ఉంది, భయమూ ఉంది. నేరం మాత్రం దిగిపోయింది.

వెళ్ళేవారికి ఒక్క సలహా: ముందుగా ఫోన్ చేసి పదిలోపే చేరండి, నాలాగా ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. మీ మీద తప్పు మోపినవాళ్ళని పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి. టార్చి వాళ్ళ చేతికే ఇవ్వండి.